జానీ పేరు ఎవరి కాగితం మీద?

ఫ్రీమాంట్,
ఫిబ్రవరి 14, 2026.

అక్కకి అబ్రహాం వందనాలు.

ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతికి ఉత్తరం ఏమిటండీ అని మణి నవ్వుతోంది. మా అక్క పెట్టిన రూలు అది, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నీకు తెలీదా అన్నాను. ఫోన్లో నేను మాట్లాడతాను, నువ్వు వింటావు. ఉత్తరమైతే నీకూ వంతు వస్తుంది అన్నావు కదా, నువ్వు నర్సుగా మస్కట్ వెళ్ళిన కొత్తలో. ముప్ఫై ఏళ్ళు కావస్తోంది. ఇప్పటికీ నావి నాలుగు పేజీలు, నీది ముప్పావు పేజీ.

ఇక్కడ అందరం క్షేమం. అత్తగారు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలైంది. క్రిస్మస్ ఉత్తరంలో రాశాను కదా, మా జానీ గది ఖాళీ చేసి ఆవిడకి ఇచ్చేశామని. పొద్దున్నే ఐదింటికి లేచి గొంతెత్తి పాటలు పాడతారు. పక్కింటాయన కంప్లయింట్ చేస్తాడని భయపడ్డాను. మొన్న కంచె దగ్గర ఆపి, ఆ మూడో పాట బాగుంది, ఏ భాష అని అడిగాడు.

అసలు సంగతికొస్తాను. గురువారం ఆఫీస్ నుంచి వచ్చి టాక్స్ ఫైల్ చేశాను. అన్నం తినేలోగా రిజెక్ట్ అయి వెనక్కి వచ్చింది. జానీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఈ ఏడాది ఇంకో రిటర్న్‌లో వాడేశారట. నీకు తెలుసు కదా, కాలేజీలో చదివే పిల్లల్ని ఇరవై నాలుగేళ్ళు నిండేదాకా మన మీద ఆధారపడినవాళ్ళుగా చూపించుకోవచ్చు. కానీ ఎవరో ఒక్కరే చూపించుకోవాలి. మరి ఆ ఒక్కరూ నేను కాకపోతే ఎవరు?

అక్కా, తప్పుగా అనుకోకు. వాడు నీ ఇంట్లో ఉంటున్నాడు. నువ్వు గానీ చూపించుకున్నావా?

అందులో వచ్చే ఐదు వందల డాలర్ల కోసం కాదు. వాడు పుట్టిన ఏడాది నుంచి ఫారంలో ఆ గడిలో వాడి పేరు నేనే టైప్ చేస్తాను. మణిని కూడా చెయ్యనివ్వను. వాడు ఇక్కడి కంప్యూటర్ సైన్స్ సీటు వదిలేసి, నర్సింగ్ చదువుతానని నీ దగ్గరికి వచ్చేసి ఏడాది దాటింది. వాడూ నేనూ మాట్లాడుకుని కూడా అంతే అయింది. మణి రోజూ గరాజ్‌లోకి వెళ్ళి వాడితో మాట్లాడుతుంది. నేను అడగను, తను చెప్పదు. ఇంత గొడవలోనూ వాడు నా కొడుకే అని నా చేత్తో రాసుకునే చోటు అదొక్కటి మిగిలింది. ఇప్పుడు అక్కడ కూడా ఎర్రక్షరాలు వచ్చాయి.

ఏప్రిల్ 15 గడువు. కాస్త కనుక్కుని రాయి.

నాలుగో పేజీ అయిపోవడం వల్ల ఆపుతున్న,
నీ తమ్ముడు
అబ్రహాం


ఫార్మింగ్టన్ హిల్స్,
ఫిబ్రవరి 21.

తమ్ముడు అబ్రహాంకి,

మీరంతా క్షేమమని సంతోషం. ఇక్కడ మంచు మోకాలి లోతు ఉంది. నీ జానీ, అదే నా జోనాథన్, మన వాకిలి, పక్కవాళ్ళ వాకిలి కూడా తవ్వి వచ్చాడు.

నేనేమీ చూపించుకోలేదు.

కానీ నా టాక్సులు నేను చేసుకోను. బావగారు పోయినప్పటి నుంచి మా చర్చి మోహన్ గారే చేస్తారు. సంఘంలో సగం మందికి ఆయనే. డబ్బు తీసుకోరు. ప్రార్థన చేసి మొదలుపెడతారు, ప్రార్థన చేసి ముగిస్తారు. నేను మొదటి ప్రార్థనకి కళ్ళు మూసుకుని రెండోదానికి ఆమేన్ అని తెరుస్తాను. మధ్యలో ఏం రాశారో చూడలేదు. సంతకం మాత్రం చేశాను.

ఆయన ఈ వారం ఒహాయోలో ఉన్నారు. వచ్చాక అడుగుతాను.

మణికి, అత్తగారికి వందనాలు చెప్పు. అత్తగారికి మూడో పాటకి గుక్క తిప్పుకోమను.

నీ గురించి రోజూ దేవునితో చెప్పే
అక్క


ఫ్రీమాంట్,
ఫిబ్రవరి 27.

అక్కకి వందనాలు.

నీ ఉత్తరం రైల్లో చదువుకున్నాను. చదివాక రెండు స్టేషన్లు దాటిపోయి దిగాను. మేనేజర్‌కి ట్రైన్ లేటని చెప్పాను, దేవుడు క్షమించాలి.

ఏమీ చూపించుకోలేదన్నావు. వెంటనే సంతకం చేశానన్నావు. నాకు అర్థమైంది అక్కా. నువ్వు అబద్ధం ఆడవు. అలాగని నన్ను బాధపెట్టవు కూడా. రెండూ కుదరాలంటే ఇలాగే రాస్తారు.

తీసుకో. నిజంగానే అంటున్నాను. నీ ఇంట్లో పడుకుంటున్నాడు, నీ అన్నం తింటున్నాడు. నర్సింగ్ అయితే నేను పైసా ఇవ్వనన్నాను, ఇవ్వలేదు. అలాంటివాడికి గడిలో పేరెందుకు? పైగా ఆ చదువు మీద మనసు మళ్ళింది కూడా నీ దగ్గరే కదా. ఆ వేసవిలో నీతో హాస్పిటల్‌కి వచ్చి వాలంటీర్ చేసి వెళ్ళాకే మొదలైంది. ఇక్కడ వాడి ఈడు పిల్లలు ఒకడు చిప్‌లు డిజైన్ చేస్తున్నాడు, ఒకడు కంపెనీ పెట్టాడు. మావాడు మగపిల్లాడై ఉండి రోగుల బెడ్‌పాన్‌లు మోస్తానంటే నేనేం చెయ్యను?

మణి ఈ ఉత్తరం చూస్తానంది. చూపించలేదు.

ఇక్కడ నిమ్మచెట్టు విరగకాసింది. అత్తగారు మూడు జాడీల ఊరగాయ పెట్టారు. ఒకటి పంపుతున్నాను. దాని మీద మూత బిగుసుకుపోయింది, జానీ చేత తీయించుకో.

అబ్రహాం


ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 5.

తమ్ముడూ,

ఊరగాయ అందింది. మూత జోనాథన్ తీశాడు. అమ్మమ్మ పెట్టిందని చెప్పాను. మూడు పూటలా అదే వేసుకుంటున్నాడు.

మోహన్ గారు వచ్చారు. ఆరాధన అయ్యాక అడిగాను. ఆయన చేతిలో మా సంఘం కుటుంబాల రిజిస్టరు ఉంది. ప్రతి ఇంటికీ ఒక పేజీ. నా పేజీలో ఎస్తేరు, కింద జోనాథన్. క్రిస్మస్ కానుకలకీ, వంటల వంతులకీ ఆ రిజిస్టరే చూస్తారు. టాక్సులకి కూడా అదే చూస్తారని నాకిప్పుడు తెలిసింది.

"మీ పేజీలో ఉన్నాడు కదమ్మా, అందుకని రాసేశాను" అన్నారు.

అంటే నువ్వు అనుకున్నది నిజమే. నాకు తెలియకుండా నిజం. క్షమించు.

అయితే అక్కడితో అవలేదు. నా రిటర్న్ కూడా వెనక్కి వచ్చిందట. నీకు వచ్చిన మాటే. మూడు వారాలైంది. నాకు చెప్పలేదేమండీ అన్నాను. "ప్రార్థనలో పెట్టానమ్మా" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టం.

నీదీ కాక, నాదీ కాక, ఎవరిది? ఇంటికి వచ్చి జోనాథన్‌ని అడిగాను. దాచలేదు. "నేనే ఫైల్ చేశా అత్తయ్యా. ఫోన్‌లో. టెన్ మినిట్స్" అన్నాడు. శని, ఆదివారాలు వృద్ధుల కేర్ సెంటర్‌లో పని చేస్తాడు కదా, ఆ జీతానికి. నిన్ను ఎవరైనా తమ మీద చూపించుకోవచ్చా అని ఒక ప్రశ్న వస్తుందట. లేదు అని నొక్కాడు.

ఎందుకు నాన్నా అన్నాను.

"డాడీ నన్ను డ్రాప్ చేశారు కదా. నా రూమ్ కూడా తీసేశారు."

నీ క్రిస్మస్ ఉత్తరం భోజనాల దగ్గర నేనే పైకి చదివాను. గది ఖాళీ చేసి ఇచ్చేశాం అని నువ్వు రాసింది రాసినట్టు చదివాను. వాడు లేచి, కంచం కడిగి వెళ్ళిపోయాడు. నేను వెంట వెళ్ళి అడగలేదు. నా తప్పు అది.

ఇంకొక మాట. బెడ్‌పాన్‌లు అని రాశావు. నువ్వు ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ నేను గుంటూరులో మోసింది అవే. ఆ రోజుల్లో మనకి ఇలాంటి ఫారం ఉండి ఉంటే, నీ పేరు నా కాగితం మీద ఉండేది.

కోపంతో రాయలేదు. ఒక్కసారి చెప్పాలి కాబట్టి చెప్పాను. ఇక చెప్పను.

అక్క


ఫ్రీమాంట్,
మార్చి 10.

అక్కా,

ఎన్నిసార్లు మొదలుపెట్టినా రెండో వాక్యం రావడం లేదు. నాకు. నీ తమ్ముడికి.

క్షమించు.

మణికి నీ ఉత్తరం ఇచ్చాను. చదివి, "వదినగారు ఇన్నాళ్ళూ ఆగారు, నేనైతే పెళ్ళిపీటల మీదే అనేసేదాన్ని" అంది. రెండు రోజులు నాకు కాఫీ ఇవ్వలేదు. అత్తగారు ఇచ్చారు. పంచదార వెయ్యకుండా.

గది సంగతి జానీకి చెప్పు. వాడి వస్తువుల్లో ఒక్కటి కూడా బయటికి పోలేదు. పుస్తకాలు, బాస్కెట్‌బాల్ బూట్లు, ఆ విరిగిన స్కేట్‌బోర్డు, అన్నీ మా మంచం కింద ఉన్నాయి. నేనే సర్దాను. మణి రోజూ కాలు తగిలి తిడుతుంది. అత్తగారు మేడ మెట్లు ఎక్కలేరు, కింద ఉన్న గది అదొక్కటే. ఇది రాయాలని నాకు తోచలేదక్కా. గది ఇచ్చేశాం అని రాస్తే నువ్వు గది ఇచ్చేశారని చదువుకుంటావనుకున్నాను. ఆ ఉత్తరం ఇంకొకడు వింటాడని అనుకోలేదు.

విశ్వనాథ్ గారని మా వీధిలోనే ఉంటారు, టాక్సులు ఆయన వృత్తి. వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "ఒక పిల్లాడు, మూడు రిటర్న్‌లు. పిల్లల్ని వదిలించుకునేవాళ్ళని చూశానండి, ఇంతమంది పోటీపడటం ఇదే మొదటిసారి" అన్నారు. నేను నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

ఆయన చెప్పింది ఇదీ. వాడు 'లేదు' అని నొక్కినంత మాత్రాన లేదు అయిపోదు. సంగతి ఏమిటో చూడాలి. నేను ఫీజు కట్టానా లేదా అన్నది కూడా ముఖ్యం కాదట. వాడి ఖర్చులో సగానికి మించి వాడే పెట్టుకున్నాడా అన్నదే ముఖ్యం. అది తేలాలంటే వాడి ఏడాది ఎలా గడిచిందో రాయాలి. తిండి, బస, బట్టలు, వైద్యం, ప్రయాణం, వినోదం. ఒక షీట్ ఇచ్చారు. వాళ్ళ గుమ్మం మెట్ల మీదే కూర్చుని నింపుదామని పెన్ను తీశాను. అక్కా, ఒక్క గడికి కూడా నాకు జవాబు తెలియలేదు. వాడు ఏం తింటాడో తెలీదు. చలికి ఏం తొడుక్కుంటాడో తెలీదు.

చివర ఇంకో ప్రశ్న ఉంది. చదువు కోసం దూరంగా ఉన్న పిల్లాడు తండ్రి ఇంట్లో ఉన్నట్టే లెక్క. కానీ చదువయ్యాక ఇంటికి తిరిగి వస్తాడని నమ్మకం ఉండాలి. "వస్తాడు కదండీ?" అని విశ్వనాథ్ గారు మామూలుగా అడిగారు. కనుక్కుని చెప్తానన్నాను.

షీట్ ఇందులో పెడుతున్నాను. నీకు తెలిసినంత రాయి.

తలవంచుకుని,
అబ్రహాం


ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 17.

తమ్ముడూ,

క్షమించడం అయిపోయింది. మళ్ళీ అడగకు.

మంచం కింద వస్తువుల సంగతి జోనాథన్‌కి చెప్పాను. "స్కేట్‌బోర్డు కూడానా?" అన్నాడు. కాసేపయ్యాక వంటింట్లోంచి మళ్ళీ అడిగాడు. "విరిగింది కదా అత్తయ్యా, అది ఎందుకు కీప్ చేశారు?" నాకు తెలియదన్నాను.

నీ షీట్‌లో గడులు చిన్నవి. ఇక్కడే రాస్తున్నాను. డాలర్ల అంకెలు వెనక పేజీలో ఉన్నాయి.

తిండి: పొద్దున ఓట్స్, నిలబడి తింటాడు. రాత్రి అన్నం. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక కోడికూర. వండేది వాడే. నా చేతి ఉప్పు బీపీకి మంచిది కాదంటాడు. సరుకులు నేను తెస్తాను. పెరుగు మాత్రం వాడు తెస్తాడు, నేను తెచ్చింది నీళ్ళుగా ఉంటుందట.

బస అంటే మేడ మీద తూర్పు గది. అద్దె ఇస్తానన్నాడు. మళ్ళీ ఆ మాట అంటే ఊరగాయ పెట్టనన్నాను.

స్క్రబ్స్, అదే నర్సింగ్ యూనిఫారం, రెండు జతలు, వాడి జీతంతోనే కొనుక్కున్నాడు. రాత్రే ఇస్త్రీ చేసి కుర్చీకి వేస్తాడు. చలికోటు బావగారిది. చేతులు నాలుగు అంగుళాలు పొట్టి. కొత్తది కొంటానంటే వద్దన్నాడు. మామయ్య జేబులో చింతగింజ ఉందట, అది బాగుందట.

పన్ను ఒకసారి నొప్పి చేసింది. బిల్లు మణి కట్టింది. నీకు చెప్పొద్దంది. ఇప్పుడు టాక్స్ వాళ్ళు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఫీజులో ఎక్కువ భాగం ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు. మిగిలింది నేను కట్టాను. నా పాత కారు నడుపుతాడు. పెట్రోలు వాడిది.

వినోదం గడిలో ఏం రాయాలో తెలియలేదు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. కేర్ సెంటర్‌లో ఒక ముసలాయన ఉన్నాడు, ఎనభై తొమ్మిదేళ్ళు, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరి చేతా గడ్డం గీయించుకోడు. జోనాథన్ చేత గీయించుకుంటాడు. శనివారం వాడు వచ్చేదాకా గడ్డంతోనే కూర్చుంటాడట. ఇది చెబుతూ చాలాసేపు నవ్వాడు. అది వినోదం కింద రాసుకో.

అంకెలన్నీ కలిపి చూశాను. వాడు పెట్టుకున్నది పావు వంతు కూడా లేదు.

చివరి ప్రశ్నకి జవాబు నేను రాయను. అది నేను అడగవలసింది కాదు. నువ్వే అడుగు. తెలుగులో రాయి. వాడికి చదవడం నేర్పాను. అక్షరాలు పెద్దవిగా రాయి, వత్తుల దగ్గర తడబడతాడు.

ప్రార్థిస్తున్నాను.

అక్క


ఫ్రీమాంట్,
మార్చి 24.

అక్కకి వందనాలు.

విశ్వనాథ్ గారికి ఇవ్వాల్సిన నీ ఉత్తరం నేనే ఉంచేసుకున్నాను. ఆయనకి వెనక పేజీ జిరాక్స్ ఇచ్చాను. అసలుది ఆఫీస్ బ్యాగ్‌లో పెట్టుకుని రోజూ రైల్లో చదువుతున్నాను. నిన్న పక్క సీటులో ప్రణవి అని ఒక తెలుగమ్మాయి కూర్చుంది, మా బిల్డింగ్‌లోనే పని. "ఎవరు అంకుల్, ఇంటి నుంచా?" అంది. "మా అబ్బాయి ఓట్స్ నిలబడి తింటాడట" అన్నాను. పాపం, ఏమనుకుందో.

మణి దగ్గరికి వెళ్ళి, పంటి బిల్లు సంగతి తెలిసిందన్నాను. "తెలిస్తే ఏం చేస్తారు?" అంది. "థాంక్స్ చెప్తాను" అన్నాను. సింక్‌లో గిన్నె వదిలేసి నా నుదురు పట్టుకు చూసింది, జ్వరమేమో అని.

జానీకి రాయడం మొదలుపెట్టాను. మొదటిది ఐదు పేజీలు వచ్చింది. మణి చదివి, ఇందులో నాలుగున్నర పేజీలు మీరు రైటే అని ఉంది అంది. చింపేశాను. రెండోది రెండు పేజీలు. "ఇది పాస్టర్ గారి ప్రసంగంలా ఉంది" అని అత్తగారు తీర్పు చెప్పారు. ఇంట్లో అందరూ ఎడిటర్లే. మూడోది అరపేజీ, అందులో ఫీజు మాట ఉంది. అదీ వద్దన్నారు. నాలుగోది ఇందులో పెట్టాను. ఇంత చిన్న ఉత్తరం నా జన్మలో రాయలేదు. నువ్వు కూడా చూడొచ్చు. ఇదీ అందులో ఉన్నది:

"జానీ నాన్నా, చదువయ్యాక నువ్వు ఇంటికి వస్తావా అని టాక్స్ వాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకన్నా ముందు నేను అడగవలసింది. అడుగుతున్నాను. డాడీ."

అక్షరాలు పెద్దవిగానే రాశాను. వత్తులు తప్పించడం నా వల్ల కాలేదు.

వాడు రానంటే ఆ మాట నువ్వు నెమ్మదిగా రాయి. నువ్వు ఏదైనా నెమ్మదిగానే రాస్తావనుకో.

ఎదురుచూసే
అబ్రహాం


ఫార్మింగ్టన్ హిల్స్,
ఏప్రిల్ 6, ఈస్టరు సోమవారం.

తమ్ముడూ,

ఆలస్యమైంది. శ్రమల వారమంతా రోజూ కూడికలు. నీకు గడువు దగ్గరపడిందని తెలుసు. అందుకే ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. చేతికిచ్చి నేను వంటింట్లోకి వెళ్ళాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు. పైకే చదివాడు. 'టాక్స్ వాళ్ళు' దగ్గర నవ్వాడు. తర్వాతి రెండు ముక్కలు నాకు వినిపించలేదు. చూస్తే కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటున్నాడు. మేడ మీదికి వెళ్ళాడు.

బుధవారం గడిచింది. గురువారం గడిచింది. శుక్రవారం మూడు గంటల ఆరాధనలో కీబోర్డు వాయించాడు, రెండుసార్లు తప్పాడు. ఎప్పుడూ తప్పడు. నేను అడగలేదు. అడగకుండా ఉండటానికి చాలా ప్రార్థన పట్టింది.

నిన్న ఈస్టరు. సూర్యోదయ ఆరాధనకి నాకన్నా ముందే లేచి కారు వేడి చేస్తున్నాడు. నేను కిందికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద ఒక ఫారం ఉంది. తను ఇంతకు ముందు పంపిన రిటర్న్‌ని సరిదిద్దే ఫారం అది. ప్రింట్ తీసి సంతకం చేశాడు. ఎవరైనా తమ మీద చూపించుకోవచ్చా అన్న చోట అవును అని మార్చాడు.

నేను పైగడి కూడా చూశాను. ఇంటి అడ్రసు రాసే చోటు. ఏడాది నుంచి కాలేజీకీ, బ్యాంకుకీ, అన్నిటికీ నా ఇంటి అడ్రసే రాస్తున్నాడు. ఇందులో అది లేదు. ఫ్రీమాంట్‌లో నీ వీధి, నీ ఇంటి నంబరు రాసి ఉన్నాయి.

కారులో కూర్చున్నాక, "అత్తయ్యా, ఫీల్ అవ్వకు" అన్నాడు.

లేదు నాన్నా అన్నాను. నిజంగానే లేదు.

మోహన్ గారు నా రిటర్న్‌లో వాడి పేరు తీసేసి మళ్ళీ పంపారు. ఈసారి నేను కళ్ళు తెరిచే ఉన్నాను.

మే మూడో వారానికి పరీక్షలు అయిపోతాయి. ఆగస్టు చివరిదాకా సెలవు. టికెట్లు వాడే చూస్తున్నాడు. నేను నీకు చెప్పినట్టు తెలియనివ్వకు.

ఈస్టరు వందనాలు. ఆయన లేచెను.

అక్క


ఫ్రీమాంట్,
జూన్ 1.

అక్కకి కోటి వందనాలు!

ఏప్రిల్ 13న విశ్వనాథ్ గారు నా రిటర్న్ కాగితాల మీద పోస్టులో పంపించారని ఫోన్లో చెప్పాను కదా. జానీ పేరు గడిలో నేనే రాశాను, పెన్నుతో. టైప్ చేయొచ్చండీ అన్నారాయన. వద్దన్నాను. సరేలెండి అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇక వాడు వచ్చిన కథ. నువ్వు కూర్చుని చదువు.

ఎయిర్‌పోర్టుకి గంటన్నర ముందే వెళ్ళాం. అత్తగారు కూడా వస్తానని పట్టుచీర కట్టుకున్నారు. దారంతా నేను చెప్పాల్సింది మనసులో అనుకుంటూ వెళ్ళాను. మూడు పాయింట్లు. వాడు ఎస్కలేటర్ మీద దిగి వస్తున్నాడు, నాకన్నా పొడుగైపోయాడు, చేతులు పొట్టయిన కోటొకటి భుజాన వేసుకున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. వాడు ఎదురుగా వచ్చి, బ్యాగ్ కింద పెట్టి, "డాడీ, ఆగు" అన్నాడు. వంగి, నా బూటు తాడు ఊడిపోయి ఉంటే కట్టాడు. రెండు ముళ్ళు వేశాడు. లేచి, "పడిపోతావ్, ఈ ఏజ్‌లో హిప్ ఫ్రాక్చర్ మంచిది కాదు" అన్నాడు.

నా మూడు పాయింట్లూ ఎటు పోయాయో! కారెక్కి ఇంటికి బయల్దేరాం. మణి వెనక సీటులోంచి, "వదినగారికి రాయాలి ఇది, నమ్మరు" అంది.

మర్నాటి నుంచి ఇల్లు హాస్పిటల్ అయిపోయింది. అత్తగారి షుగరు పొద్దున, సాయంత్రం చూస్తున్నాడు. ఆవిడ తలగడ కింద దాచిన అరిసెలు దొరికాయి. "అమ్మమ్మా, ఇది ఏంటి?" అంటే "నాకేం తెలుసురా, మీ తాత పెట్టి ఉంటాడు" అన్నారు. మామగారు పోయి పదకొండేళ్ళు. నా బీపీ చూసి ఊరగాయ జాడీ తీసుకెళ్ళి పై అరలో పెట్టాడు. అంత పొడుగు నాకు అందదు.

నిన్న ఆదివారం జరిగింది రాస్తాను. అక్కా, నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడ చర్చిలో మీ అబ్బాయి ఏం చదువుతున్నాడని అడిగితే ఇన్నాళ్ళూ 'మెడికల్ లైన్' అనేవాణ్ణి. వాళ్ళంతట వాళ్ళు డాక్టరు అనుకున్నారు. నేను కాదనలేదు. నిన్న ఆరాధన మొదలవకముందే ఇద్దరు ముగ్గురు వచ్చి జానీ చెయ్యి పట్టుకుని "డాక్టర్ గారూ!" అన్నారు. వాడు నా వైపు చూశాడు. కోపంగా కూడా చూడలేదు. అలాగే ఉండు పర్లేదు డాడీ అన్నట్టు చూశాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

సాక్ష్యాల సమయం వచ్చింది. నేను లేచాను. పాస్టర్ గారు గడియారం చూసుకున్నారు, నా సాక్ష్యం ఎంతసేపు సాగుతుందో ఆయనకి తెలుసు. నేను రెండే మాటలు చెప్పాను. "మావాడు డాక్టరు కాదు. మీరు అలా అనుకుంటుంటే ఏడాదిగా ఊరుకున్నాను, క్షమించండి. మావాడు నర్సు అవుతున్నాడు, మా అక్కలాగ" అన్నాను. కూర్చున్నాను.

వెనక నుంచి అత్తగారు ఒక్కరే "స్తోత్రం!" అన్నారు, ఐదింటి పాట గొంతుతో. అంతే, అందరూ అందుకున్నారు. జానీ తల వంచుకుని ఉన్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. కాసేపటికి వాడి మోకాలు నా మోకాలికి ఆనించాడు. ప్రసంగం అయ్యేదాకా తియ్యలేదు.

భోజనాల దగ్గర ఏమైందో తెలుసా? ఇద్దరు తండ్రులు వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, నర్సింగ్‌లో సీటు ఎలా వస్తుంది బాబూ అని అడిగారు. ఒకాయన కొడుకేనట, చిప్‌లు డిజైన్ చేసేవాడు! ఉద్యోగం నచ్చలేదట.

జానీ ఇంటికి వచ్చాక ఒకటే అన్నాడు. "డాడీ, అత్తయ్య పేరు కూడా చెప్పాల్సింది." అందుకని చెప్తున్నాను. నువ్వు ఇక్కడికి రావాలి. ఈ వేసవిలోనే. వాయిదాలు వద్దు.

ఐదు పేజీలు అయ్యాయి. క్షమించకు, అలవాటైపోతుంది.

నీ
అబ్రహాం


ఫార్మింగ్టన్ హిల్స్,
జూన్ 8.

తమ్ముడు అబ్రహాంకి,

నీ ఉత్తరం కూర్చునే చదివాను. 'మా అక్కలాగ' దగ్గర ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. శనివారం కేర్ సెంటర్‌కి వెళ్ళాను. ఆ ముసలాయన గడ్డం నేను గీశాను. ముందు ఒప్పుకోలేదు. జోనాథన్ మేనత్తనని చెప్పాక గడ్డం పైకెత్తాడు.

వస్తాను. ఆగస్టు 5కి టికెట్ బుక్ చేసుకున్నాను. అత్తగారితో కలిసి పొద్దున ఐదింటికి నేనూ పాడతాను. పక్కింటాయనకి చెప్పి ఉంచు.

ఇరవై రెండున బయల్దేరి వచ్చేటప్పుడు వాణ్ణి నాతో తీసుకొస్తాను. చదువు అయ్యేదాకానే. తర్వాత వాడు వచ్చేది నీ ఇంటికే. ఇది విశ్వనాథ్ గారికి రాతపూర్వకంగా కావాలంటే, ఈ ఉత్తరం చూపించు. కింద సంతకం చేస్తున్నాను. చదివే చేస్తున్నాను.

ఎస్తేరు